పసిపిల్లలు, పెద్దవాళ్ళతో అక్టోబర్‌ఫెస్ట్: వద్దంటే నేను చెడ్డదాన్నవుతానా?

మ్యూనిక్‌లో ఉంటున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. ఆవిడ ఎవరో తెలిసిపోయే వివరాలు తీసేసి, విషయం మాత్రం ఇక్కడ ఇస్తున్నాం.

ఆవిడకి 33 ఏళ్ళు. నాలుగేళ్ళ బాబు, పది నెలల పాప. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రాజమండ్రి నుంచి అత్తమామలు మూడు నెలల వీసా మీద వచ్చారు, అక్టోబరు మొదటి వారంలో వెళ్ళిపోతారు. అక్టోబర్‌ఫెస్ట్ అంటే ఏటా ఆ ఊళ్ళో జరిగే పెద్ద బీరు ఉత్సవం. భర్త ఆఫీసు టీమ్ అక్టోబర్‌ఫెస్ట్ మధ్యలో వచ్చే శనివారం మధ్యాహ్నానికి ఒక పెద్ద డేరాలో సీట్లు రిజర్వ్ చేసింది. "అందరూ ఫ్యామిలీలతో వస్తున్నారు, మనం రాకపోతే ఏం బాగుంటుంది? అమ్మానాన్న మళ్ళీ ఎప్పుడొస్తారో!" అని ఆయన పట్టు. బాబుకి చిన్న తోలు నిక్కరు, గళ్ళ చొక్కా కూడా కొనేశారు. బీరువా తలుపు తీసినప్పుడల్లా అవి వేలాడుతూ కనిపించి, మాట ఇచ్చేసినట్టే అనిపిస్తోందట ఆవిడకి. మామగారు సరదా పడుతున్నారు. అత్తగారు మాత్రం "తాగుబోతుల తిరనాళ్ళకి చంటిపిల్లని ఎత్తుకుని వెళ్తారా ఎవరైనా" అని ఒకటే మాట.

ఆవిడ బాధ వేరే ఉంది. పోయిన డిసెంబరులో మారియన్‌ప్లాట్స్ దగ్గర క్రిస్మస్ మార్కెట్‌లో బాబు పావుగంట సేపు కనబడలేదు. తల్లి దగ్గర ఉన్నాడని తండ్రి, తండ్రి దగ్గర ఉన్నాడని తల్లి అనుకున్నారు. ఒక కొట్టు పక్కన కొయ్యబొమ్మలు చూస్తూ నిలబడి దొరికాడు. అప్పట్నుంచి జనంలోకి వెళ్తే ఆవిడకి గుండె దడ. "దొరికాడు కదా, ఇంకా అదే పట్టుకుని కూర్చుంటావేంటి" అంటారట భర్త. "వద్దంటే పెద్దవాళ్ళ సరదాకి అడ్డుపడిన కోడల్ని. సరేనంటే ఆ రోజంతా నా ప్రాణం నా దగ్గర ఉండదు. నేను మరీ అతిగా భయపడుతున్నానా?" అని అడిగారు. చివర్లో ఒక్క వాక్యం: "2015 పుష్కరాల్లో తొక్కిసలాట జరిగినప్పుడు మా అత్తగారు ఘాట్ దగ్గరే ఉన్నారట, ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడరు."

సమాధానం

మీరు చివర్లో, పోనీ ఇదీ చెప్పేద్దాం అన్నట్టు రాసిన ఆ వాక్యం నుంచే మొదలుపెడతాను. 2015 జులై 14, గోదావరి పుష్కరాల మొదటి రోజు పొద్దున రాజమండ్రి పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. అక్కణ్ణుంచి బయటపడి వచ్చిన మనిషి చెవికి "లక్షల్లో జనం వస్తారు, భలే సందడి" అన్న మాట సరదాగా వినపడదు. కొడుకు ఉత్సాహం మీద నీళ్ళు చల్లి "నాకు జనమంటే భయంరా" అని చెప్పుకోవడం ఆవిడకి కష్టం కావచ్చు. తాగుబోతులు అంటే సరిపోతుంది, ఎవరూ ఎదురు అడగరు.

ఇది నా ఊహే, తప్పు కావచ్చు. అందుకే మీ ఆయన లేనప్పుడు, ఏ బీన్స్ కోస్తూనో కూర్చున్నప్పుడు, "అత్తయ్యా, మీకు అక్కడ తాగేవాళ్ళతో ఇబ్బందా, జనంతో ఇబ్బందా?" అని మెల్లగా అడగండి. పుష్కరాల పేరు మీరు ఎత్తొద్దు, ఎత్తితే ఆవిడే ఎత్తాలి. జనమే భయమైతే ఆవిణ్ణి ఒప్పించే ప్రయత్నం ఎవరూ చెయ్యకూడదు. తాగుడే అభ్యంతరమైతే దానికి దారి ఉంది, పొద్దున పదకొండు గంటల అక్టోబర్‌ఫెస్ట్ వేరు, రాత్రి ఎనిమిదింటి అక్టోబర్‌ఫెస్ట్ వేరు. ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఆవిడ భయాన్ని మీ భయానికి అడ్డం పెట్టుకోకండి. "అత్తయ్య వద్దంటున్నారు కాబట్టి మానేద్దాం" అంటే గొడవ తల్లీకొడుకుల మధ్యకి పోతుంది, మీ మాట మీరు చెప్పకుండానే మిగిలిపోతుంది.

ఇక మీ భయం అతి కాదు. మీ ఆయన ఎంచుకున్న రోజు ఆ ఉత్సవం మొత్తంలో ఇరుకైన రోజుల్లో ఒకటి. మధ్య వారాంతాన్ని ఇటాలియన్ల వారాంతం అంటారు, ఆల్ప్స్ అవతల నుంచి రైళ్ళలో, బస్సుల్లో జనం దిగిపోతారు. 2025లో సరిగ్గా ఆ శనివారమే, సెప్టెంబరు 27న, లోపల జనం మరీ ఎక్కువైపోయి మధ్యాహ్నం మైదానంలోకి కొత్తవాళ్ళు రాకుండా కొంతసేపు ఆపేశారు. 2024లో మొత్తం 67 లక్షల మంది వచ్చారు, కానీ వాళ్ళు రోజులన్నిటికీ సమంగా పరుచుకోరు. వారం మధ్యలో పగటిపూట తీరిగ్గా తిరగొచ్చు, శనివారం మధ్యాహ్నం మాత్రం అడుగు తీసి అడుగు వెయ్యలేరు.

అక్కడి నిబంధనలు మీ ఆయన చూశారో లేదో. శనివారాల్లోనూ, అక్టోబరు 3 సెలవురోజునా స్ట్రోలర్లు రోజంతా నిషేధం. మిగతా రోజుల్లో సాయంత్రం 6 వరకే రానిస్తారు. అంటే ఆయన ప్లాన్ ప్రకారం పాప మొత్తం సేపూ ఎవరో ఒకరి ఒంటి మీదే ఉండాలి. ఆ ఒకరు ఎవరో ఆయన అనుకోలేదు, మీరు అనుకున్నారు, అందుకే మీకు దడ, ఆయనకి లేదు. సంచుల సంగతీ ఉంది. 3 లీటర్లు దాటినవి, అంటే 20×15×10 సెంటీమీటర్లకి మించినవి లోపలికి తేకూడదు. గాజు సీసాలూ కుదరవు. డైపర్లు, పాల సీసా, మార్పు బట్టలు, మామగారి మాత్రలు అన్నీ కుక్కిన మీ మామూలు సంచి గేటు దగ్గరే ఆగిపోతుందనుకుని బయలుదేరడం మేలు. ఇక ఆరేళ్ళలోపు పిల్లలు తల్లిదండ్రులతో ఉన్నా సరే రాత్రి 8 కల్లా డేరాల్లోంచి బయటికి రావాలి.

మీ ఇంట్లో రెండు వేర్వేరు పనులు ఒకే మాటగా చలామణీ అవుతున్నాయి. ఒకటి, మీ ఆయన ఆఫీసువాళ్ళతో కూర్చోవడం. రెండు, అమ్మానాన్నలకి, పిల్లలకి ఉత్సవం చూపించడం. మొదటిదానికి కావలసిన చోటు, గంట, మనుషులు రెండోదానికి పనికిరావు.

డేరాలో టేబుల్ అంటే పదిమంది కూర్చునే పొడవాటి బల్ల, వీపు ఆనించుకోవడానికి ఏమీ లేని బెంచీలు. రిజర్వేషన్‌తో పాటు మనిషికింత అని కూపన్లు ముందే కొనాలి, సాధారణంగా రెండు మాస్‌ల బీరు, ఒక సగం కోడి. మాస్ అంటే లీటరు. 2025లో ఒక్కోటి 14.50 నుంచి 15.80 యూరోల దాకా పలికింది. మీ కుటుంబం నుంచి ముగ్గురు పెద్దవాళ్ళు అదనంగా కూర్చుంటే ఆ సీట్ల డబ్బు ఎవరు కడుతున్నారు, శాకాహారి అయిన అత్తగారి కోడి కూపను ఏమవుతుంది, ఇది ముందే అడగాలి. మధ్యాహ్నం స్లాట్ అయితే చెప్పిన గంటకి లేచిపోవాలి, ఆ తర్వాత సాయంత్రం బ్యాచ్ వస్తుంది. మధ్యలో బాబుకి టాయిలెట్ అని బయటికి వస్తే, డేరా నిండి తలుపులు మూసేసిన వేళ మళ్ళీ లోపలికి పోవడం గగనం. సాయంత్రం 6 వరకు డేరాల్లో బ్రాస్ బ్యాండే, శబ్దం 85 డెసిబెల్స్ దాటకూడదని నియమం. ఆ తర్వాత జనం బెంచీలెక్కి పాడతారు. పది నెలల పాప చెవికి 85 కూడా ఎక్కువే. ఏ డేరాలోకి తీసుకెళ్ళినా చెవులు మూసే మఫ్స్ పెట్టండి, అరగంటకి మించి ఉంచకండి.

బీరు గురించి నీతి చెప్పను. కానీ అక్కడి బీరు 6 శాతం పైచిలుకు ఉంటుంది. లీటరు తాగిన మనిషిని పిల్లల్ని పట్టుకునేవాళ్ళ లెక్కలో వేసుకోకూడదు, ఎంత మంచి తండ్రైనా సరే. శనివారం ప్లాన్‌లో పెద్దవాళ్ళు నలుగురున్నారు. ఒకరు తాగుతారు, ఒకరికి నడక కష్టం, ఒకరికి జనంతో ఇబ్బంది. మిగిలింది మీరు. ఇద్దరు పిల్లలు.

మీ ముందున్న దారులు నాకు నాలుగు కనిపిస్తున్నాయి.

ఆయన అన్నట్టే అందరూ శనివారం వెళ్ళడం మొదటిది. దీన్ని నేను సలహా ఇవ్వను, కానీ ఇంట్లో మాట చెడకూడదని మీరు దీనికే మొగ్గితే కొన్ని షరతులు పెట్టుకోండి. పొద్దున 10కి ముందే లోపల ఉండాలి, మధ్యాహ్నం ఒంటిగంటకి మీరూ, పిల్లలూ, అత్తమామలూ వెనక్కి వచ్చెయ్యాలి. ఆయన టేబుల్‌కి మీరు వెళ్ళి కూర్చోరు, ఐదు నిమిషాలు టీమ్‌ని పలకరించి వచ్చేస్తే మర్యాదకి లోటు ఉండదు. వెనక్కి తీసుకొచ్చే బాధ్యత ఆయనది, మిమ్మల్ని ఇంటి దగ్గర దింపాకే ఆయన తిరిగి వెళ్ళాలి. దీనివల్ల ఫొటోలు వస్తాయి, టీమ్ ముందు మాట దక్కుతుంది. మీకు మాత్రం విశ్రాంతి ఉండదు, అత్తగారికి కూడా.

రెండో దారి, శనివారం ఆయన ఒక్కరే టేబుల్‌కి వెళ్ళడం, కుటుంబం అంతా ఒక మంగళవారం పగలు వెళ్ళడం. నా మొగ్గు దీనికే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మంగళవారాలు అక్కడ కుటుంబాల రోజు. రాత్రి 7 వరకు ఆటలకి, చాలా దుకాణాల్లోనూ ధరలు తగ్గిస్తారు. మీ ఆయన సెలవు పెట్టాలి, బాబు ఒకరోజు కిండర్‌గార్టెన్ మానాలి. ఖర్చు అంతే. ఊబాన్‌లో (మెట్రో రైల్లో) తెరేజియన్‌వీజె స్టేషన్‌లో దిగకండి. అందరూ అక్కడే దిగుతారు, జనం పేరుకుంటే ఆ స్టేషన్ మూసేస్తారు. మీరు U3 లేదా U6 ఎక్కి పొచ్చిష్ట్రాసె స్టేషన్‌లో దిగండి. అక్కణ్ణుంచి నడిస్తే మైదానం దక్షిణపు కొసకి చేరతారు. అక్కడ ఓయిడె వీజన్ అని పాతకాలపు ఉత్సవం విడిగా, కంచె కట్టి ఉంటుంది. 2025లో పెద్దవాళ్ళకి 4 యూరోల టికెట్, 14 ఏళ్ళ లోపు పిల్లలకి ఉచితం. పాత రంగులరాట్నాలు, మ్యూజియం డేరా, జానపద నృత్యాలు ఉంటాయి. ఆ టికెట్ చిన్నదే అయినా తోపులాటని బయటే ఆపేస్తుంది, అందుకే పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి దీన్ని మించిన చోటు లేదు. ఒకటి చూసుకోండి. అదే స్థలంలో బవేరియా రైతుల వ్యవసాయ ప్రదర్శన జరిగే ఏడాది ఓయిడె వీజన్ ఉండదు. 2024లో అలాగే లేదు.

పదకొండుకి వెళ్ళి గంటన్నర అక్కడే గడపండి. తర్వాత మిగతా మైదానం చూడాలనిపిస్తే, పెద్ద డేరాలన్నీ వరసగా ఉన్న వీధి వదిలేసి, దానికి తూర్పున సమాంతరంగా పోయే ఆటల వీధి పట్టుకోండి. అక్కడ క్రినోలీన్ అని 1924 నాటి తిరిగే ఆట ఉంది, పక్కన నిజం బ్యాండే వాయిస్తుంది, మెల్లగా ఊగుతుంది. బాబుని తాతగారి పక్కన కూర్చోబెట్టొచ్చు. దాదాపు 50 మీటర్ల ఎత్తు రంగులరాట్నం మామగారికి. ఆకాశం తేటగా ఉన్నరోజున పైనుంచి ఆల్ప్స్ కనిపిస్తాయి. ఆ తూర్పు వైపునే ఫమీలియన్‌ప్లాట్సల్ అని పిల్లల కోసం వేరుగా చేసిన చోటు ఉంది. పాపకి పాలివ్వడానికి, డైపర్ మార్చడానికి అక్కడికి వెళ్ళండి. బవేరియా విగ్రహం వైపు గడ్డి వాలు మాత్రం మధ్యాహ్నం తర్వాత వద్దు. తాగి పడిపోయినవాళ్ళు, వాంతులు అక్కడే, మీ అత్తగారు జీవితాంతం అదొక్కటే చెప్పుకుంటారు. మూడింటికి బయటపడండి. బాబు ఏడ్చినా సరే, మూడున్నరకి అలసిపోయి వాడు ఇంకా ఎక్కువ ఏడుస్తాడు, అప్పటికి ఆఫీసులు వదిలినవాళ్ళు రావడం మొదలవుతుంది.

మూడో దారి మీ అత్తగారి కోసం. ఉత్సవం మొదటి ఆదివారం పొద్దున 10కి సంప్రదాయ దుస్తుల ఊరేగింపు నగరం మధ్యలోంచి మైదానం దాకా నడుస్తుంది. దాదాపు 7 కిలోమీటర్ల దారి, సుమారు 9,000 మంది, గుర్రాల బళ్ళు, ఊరూరి బ్యాండ్లు, పూల కిరీటాల ఆడపిల్లలు. 1835లో, రాజు లూడ్విగ్ దంపతుల పెళ్ళి పాతికేళ్ళ పండగకి మొదటిసారి ఇలాంటి ఊరేగింపు జరిగింది. అసలు ఈ ఉత్సవమే 1810లో వాళ్ళ పెళ్ళి వేడుకలతో పుట్టింది. తాగుబోతుల తిరనాళ్ళు కాదు, రాజుగారి పెళ్ళి సంబరం అని చెబితే ఆవిడ వినే తీరు మారొచ్చు. ఫుట్‌పాత్ మీద నిలబడి చూడటం ఉచితం. ఊరేగింపు మొదలయ్యే మక్సిమిలియన్‌ష్ట్రాసె వైపు తొమ్మిదికే చేరి, వెనక పక్కవీధి ఉన్న మూల ఎంచుకోండి. ఇరుకనిపించిన క్షణం ఆ వీధిలోకి తప్పుకోవచ్చు. ఆవిడకి మడత స్టూలు పట్టుకెళ్ళండి. ఆ చోటు ఎందుకు ఎంచారో ఆవిడకి ముందే చెప్పండి, బయటికి దారి ఎటో తెలిస్తే సగం భయం తగ్గుతుంది. ఇది చూసి ఆవిడ ఇంటికి వచ్చేసి, మంగళవారం మిగతావాళ్ళు వెళ్ళినా ఎవరికీ లోటు ఉండదు.

రెండో ఆదివారం పొద్దున 11కి బవేరియా విగ్రహం మెట్ల దగ్గర డేరాల బ్యాండ్లన్నీ కలిసి వాయిస్తాయి. మామగారికి సంగీతం ఇష్టమైతే అదీ బాగుంటుంది. కానీ ఆఖరి ఆదివారం అదే చోట మధ్యాహ్నం తుపాకుల పేలుళ్ళ కార్యక్రమం ఉంటుంది, పాపని ఆ దరిదాపులకి తీసుకెళ్ళొద్దు.

నాలుగోది, మీరు, పాప, అత్తగారు ఇంట్లో ఉండిపోయి, మీ ఆయన, మామగారు బాబుని తీసుకుని వెళ్ళడం. పైకి ఇదే సులువు. కానీ డిసెంబరు సంగతి మీ ఇద్దరి మధ్యా తేలకుండా ఇలా పంపితే, మీరు ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చుంటారు, ఆయనకి అది అనుమానంలా తగులుతుంది. ఆయన ఆ పూట చుక్క ముట్టకుండా, బాబు బాధ్యత పూర్తిగా తనదేనని నోటితో ఒప్పుకుంటే మాత్రం ఇది మీ ఇద్దరికీ మంచి చెయ్యొచ్చు. ఆ మాట ఆయన నోటినుంచి రాకపోతే పంపకండి.

ఏ రోజు వెళ్ళినా, పిల్లాడు తప్పిపోతే ఏం చెయ్యాలో ముందే అనుకోవాలి. డిసెంబరులో జరిగింది మీ నిర్లక్ష్యం కాదు. ఇద్దరు పెద్దవాళ్ళున్న చోట పిల్లలు తప్పిపోయే తీరే అది, నలుగురున్నచోట ఇంకా ఎక్కువ. బాబు ఒక సమయంలో ఒక్కరి బాధ్యతే. అది మారేటప్పుడు "బాబు ఇప్పుడు నీ దగ్గర" అని ఒకరు, "సరే, నా దగ్గర" అని ఇంకొకరు పైకి అనాలి. తల ఊపితే లెక్కలోకి రాదు. తాతగారికి అప్పగిస్తే ఆయనకీ ఇదే పద్ధతి.

ఇంట్లోంచి బయలుదేరేముందు గుమ్మం దగ్గర బాబుని నిలువునా ఒక ఫొటో తీయండి, ఆ రోజు బట్టలతో. తోలు నిక్కరు, గళ్ళ చొక్కా వేసిన పిల్లలు ఆ మైదానంలో వందల్లో ఉంటారు, అందుకని పైన ముదురు పసుపో, నారింజో టోపీ పెట్టండి. మీ ఇద్దరి ఫోను నంబర్లు +49తో మొదలుపెట్టి కాగితం పట్టీ మీద రాసి మణికట్టుకి కట్టండి, లేదా బాల్‌పెన్నుతో ముంజేతి మీద రాసి పైన ద్రవరూపంలో దొరికే బ్యాండేజ్ పూయండి, చెమటకి పోదు. పేరు బయటికి కనబడేట్టు రాయొద్దు. బాబు కిండర్‌గార్టెన్‌కి వెళ్తున్నాడు కాబట్టి జర్మన్‌లో "మా అమ్మ కనబడట్లేదు" అనే వాక్యం వచ్చే ఉంటుంది, రాకపోతే నేర్పండి. కనబడకపోతే నడవకూడదు, ఉన్నచోటే నిలబడాలి, పోలీసుకో, కొట్లో ఉన్నవాళ్ళకో, పిల్లలున్న అమ్మకో చెప్పాలి అని నాలుగు రోజులు ఆటలాగా ఆడించండి.

తప్పిపోతే అందరూ తలోదిక్కు పరిగెత్తడమే పెద్ద తప్పు. బాబు తిరిగి వచ్చేసరికి అక్కడ ఎవరూ ఉండరు. ఒకరు, మీ ఇంట్లో అయితే అత్తగారో మామగారో, బాబు చివరిసారి కనిపించిన చోటే కదలకుండా నిలబడాలి. ఒకరు దగ్గర్లో ఉన్న సెక్యూరిటీకో పోలీసుకో ఫొటో చూపించాలి. మైదానంలో తప్పిపోయిన పిల్లల్ని తీసుకొచ్చే చోటు సర్వీస్ సెంటర్‌లో ఉంది, పోలీసు, ప్రథమ చికిత్స కూడా అక్కడే. లోపలికి వెళ్ళగానే మొదట ఆ భవనం ఎక్కడుందో అందరూ కలిసి చూసి రండి, ఐదు నిమిషాల పని. జనం ఎక్కువైనప్పుడు మొబైల్ కాల్స్ కలవవు, మెసేజ్ వెళ్తుంది. అత్తమామల ఫోన్లలో జర్మన్ సిమ్ లేకపోతే, విడిపోయినప్పుడు కలుసుకునే చోటు ఒకటి కాగితం మీద రాసి ఇవ్వండి. వాళ్ళ ప్రయాణ బీమా కాగితం, పాస్‌పోర్టు నకలు, రోజూ వేసుకునే మాత్రల పేర్లు మామగారి జేబులో ఉండాలి.

జనం పెరుగుతున్నప్పుడు ఎప్పుడు వెనక్కి తిరగాలి అనేది కూడా మాట్లాడుకోండి. భుజాలు రాసుకుంటున్నంతవరకు ఇబ్బందే కానీ ప్రమాదం లేదు. మీ అడుగు మీరు వెయ్యలేక, వెనకవాళ్ళు తోస్తే ముందుకు పోతున్నారంటే అప్పటికే ఆలస్యమైంది. అంతకుముందే, చేతులు పక్కలకి చాచలేని స్థితి రాగానే పక్కకి తప్పుకోవాలి. ఎదురు నడవకండి. ప్రవాహంతో పాటే నడుస్తూ ఏటవాలుగా దుకాణాల సందుల్లోకి జరగండి. పాప క్యారియర్‌లో ఉంటే మీ రెండు చేతులూ ఛాతీ ముందు మడిచి పాపకి గాలి ఆడే చోటు ఉంచండి. బాబు ఎవరి దగ్గరుంటే వాళ్ళు వాణ్ణి చెయ్యి పట్టి నడిపించకుండా ఎత్తుకోవాలి, కింద నడిస్తే వాడి ఎత్తులో జనం కాళ్ళు తప్ప గాలి దొరకదు. కింద పడ్డ ఫోను కోసం వంగొద్దు.

అత్తగారి తిండి. ఆవిడ గుడ్డు తినరని రాశారు. అక్కడ శాకాహారం అని అమ్మే వాటిలో సగం గుడ్డుతోనే. కేజె-ష్పెట్స్‌లె అనే చీజ్ నూడుల్స్‌లో, తీపి కైజర్‌ష్మార్న్‌లో గుడ్డు తప్పక ఉంటుంది. బంగాళదుంప అట్లలో కూడా వేస్తారు. పుల్ల క్యాబేజీలో పంది కొవ్వు ముక్కలు పడతాయి, బ్రెట్‌సెల్ అనే మెలితిప్పిన రొట్టె పిండిలో కూడా కొన్నిచోట్ల పంది కొవ్వు కలుపుతారు, అడిగి కొనండి. ఉడికించిన మొక్కజొన్న కండె, పంచదార పాకం పట్టిన వేడి బాదంపప్పు, పళ్ళు నిక్షేపంగా తినొచ్చు. ఇంట్లో పులిహోర కడుపునిండా తిని బయలుదేరితే ఈ బాధే లేదు. నీళ్ళకి కూడా డేరాల్లో బాగా డబ్బు పడుతుంది, అక్కడ లెక్క చూసుకుని మామగారు దాహంతో ఉండిపోతారు. ఆయనకి మీరే కొనివ్వండి.

మీ ఆయనతో మాట్లాడేటప్పుడు "వద్దు" అని మొదలుపెట్టకండి. ఆయన కోరిక చెడ్డది కాదు. అమ్మానాన్నలకి తన ఊరు చూపించాలని, ఆఫీసులో తన కుటుంబాన్ని పరిచయం చెయ్యాలని ఉంది. ఇలా అనొచ్చు: "అత్తయ్యగారికి, మామయ్యగారికి చూపించాలని నాకూ ఉంది. శనివారం స్ట్రోలర్ రానివ్వరట. మంగళవారం నువ్వు సెలవు పెడితే అందరం వెళ్దాం. శనివారం నువ్వు టీమ్‌తో వెళ్ళు, ఎంతసేపైనా ఉండు, నేను ఫోన్ చెయ్యను." ఆ ఆఖరి మాట మనస్ఫూర్తిగా అనండి, అన్నాక నిలబెట్టుకోండి. ఫ్యామిలీల సీట్లు ముందే ఇచ్చేస్తే టీమ్‌లో ఇంకొకరు తీసుకుంటారు, వారం ముందు చెప్పడం మర్యాద.

డిసెంబరు గురించి వేరుగా, వేరే రోజు మాట్లాడండి. "ఎవరి తప్పు" అని కాదు, "ఆ పావుగంటలో నాకేమైందంటే" అని. ఆయన "దొరికాడు కదా" అనడం వెనక, తానూ చూసుకోలేదన్న సిగ్గు ఉండి ఉంటుందని నా అనుమానం. మీ గుండె దడ సూపర్ మార్కెట్‌కి, రైలుకి కూడా పాకినా, నిద్రలో ఆ దృశ్యం వస్తున్నా మీ డాక్టరుకి చెప్పండి. జర్మనీలో ప్రభుత్వ ఆరోగ్య బీమా మానసిక చికిత్స ఖర్చు భరిస్తుంది, మొదటి సంప్రదింపు కోసం 116117కి ఫోన్ చేస్తే అపాయింట్‌మెంట్ వెతికి ఇస్తారు. ఆ భయాన్ని తొమ్మిది నెలలు ఒంటరిగా మోసారు, చాలు.

మంగళవారం వాన పడితే వెళ్ళకండి. వానకి జనమంతా డేరాల్లోకి దూరతారు, అవి నిండి తలుపులు మూసేస్తే పిల్లలతో తలదాచుకునే చోటు దొరకదు. అందుకే మీ ఆయన్ని మంగళవారం ఒక్కటే కాకుండా, దాని పక్కన బుధవారం కూడా సెలవు అడిగి ఉంచమనండి. బుధవారం ఆటల ధర తగ్గదు, జనం మాత్రం పలచగానే ఉంటారు.